ఆటగాడి నిలకడ, నటుడి మౌనం

ప్రశ్న: పాత హాలీవుడ్ కౌబాయ్ చిత్రాల్లో తరచు కనిపించే ఉడీ స్ట్రోడ్ మొదట వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని చదివాను. అంత మంచి ఆటగాడైతే ఆటను వదిలి చిన్న పాత్రలకు ఎందుకు వచ్చారు? ‘టాయ్ స్టోరీ’ యానిమేషన్ చిత్రంలోని ఉడీ అనే కౌబాయ్ బొమ్మకు ఆయన పేరే పెట్టారన్నది నిజమేనా?

జవాబు: ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన, కాలితో తన్నే ఆట కాదు, కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఇక మీ ప్రశ్నలోని ‘వదిలి’ అన్న మాటను కొంత సవరించవలసి ఉంది. ఆయన ఆటను వదలడానికి ముందే, ఆట ఆయనను చాలా ఏళ్లు గడప బయట నిలబెట్టింది.

1914లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన నల్లజాతి ఆటగాడు స్ట్రోడ్, 1939లో ఆ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ) జట్టులో మరో నల్లజాతి ఆటగాడు కెన్నీ వాషింగ్టన్‌తోనూ, తరువాతి కాలంలో బేస్‌బాల్‌లో చరిత్ర సృష్టించిన జాకీ రాబిన్సన్‌తోనూ కలిసి ఆడారు. అయితే 1934 నుంచి 1945 వరకు అమెరికాలోని ప్రధాన వృత్తి ఫుట్‌బాల్ పోటీ అయిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కరు కూడా లేరు. 1946లో ఆ లీగ్‌కు చెందిన రామ్స్ జట్టు క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు తరలివచ్చి, ప్రభుత్వ ఆస్తి అయిన కొలీజియం స్టేడియంలో ఆడేందుకు అనుమతి కోరినప్పుడు, నల్లజాతి వారికి చోటివ్వని జట్టుకు ఆ మైదానం ఎలా ఇస్తారని స్థానిక నల్లజాతి పాత్రికేయులు పట్టుబట్టారు. ఆ ఒత్తిడి వల్లనే రామ్స్ యాజమాన్యం వాషింగ్టన్‌ను, కొద్దికాలానికే ఆయనకు తోడుగా స్ట్రోడ్‌ను తీసుకుంది. సీజను మొదలయ్యేనాటికి స్ట్రోడ్‌కు 32 ఏళ్లు. ఆడినవి 10 మ్యాచ్‌లు, సహచరులు విసిరిన బంతిని అందుకున్నది 4 సార్లు. మరుసటి ఏడాదికి ఆయనను జట్టులో ఉంచుకోలేదు. కెనడాకు వెళ్లి, కాల్గరీ స్టాంపీడర్స్ జట్టు తరఫున 1948లో అక్కడి ఫుట్‌బాల్ విజేతలకిచ్చే గ్రే కప్ గెలిచారు.

కుస్తీ పోటీల్లోనూ ఆయన పాల్గొన్నారు. డబ్బుకోసం ఆడే ఆ కుస్తీ సగం నాటకమే గనుక, నటనలో తొలి పాఠాలు ఆయనకు అక్కడే దొరికాయని నా అభిప్రాయం. సినిమాలవారు మొదట్లో ఆయన దేహదారుఢ్యాన్ని మాత్రమే చూశారు. సంభాషణ లేని యోధుల, భటుల వేషాలే ఎక్కువగా వచ్చాయి. పరిస్థితి మారింది 1960లో. ‘స్పార్టకస్’లో వల, త్రిశూలంతో పోరాడే బానిస డ్రాబా పాత్రలో, ఓడిన కథానాయకుడిని చంపడానికి నిరాకరించి, ఆ త్రిశూలాన్ని పైన కూర్చున్న రోమన్ ప్రముఖులపైకి విసిరి ప్రాణం పోగొట్టుకుంటారు. ఆ పోరుకు ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూసే ఘట్టాన్ని గమనించండి. కనురెప్ప కదలికతో కూడా ఆయన పాత్రను నడుపుతారు. ఆ వేషానికి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది.

అదే ఏడాది జాన్ ఫోర్డ్ తీసిన ‘సార్జెంట్ రట్లెడ్జ్’లో చిత్రానికి పేరైన పాత్ర ఆయనదే అయినా, నటుల పేర్లలో మొదటి స్థానం మాత్రం శ్వేతజాతి నటుడు జెఫ్రీ హంటర్‌కు దక్కింది. కథానాయకుడిగా ఎందుకు ఎదగలేదన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు ఇందులోనే ఉంది. ప్రతిభ చాలక ఆయన చిన్న పాత్రలకు రాలేదు. ఆనాటి పరిశ్రమ ఆయనకు ఆ మేరకే చోటిచ్చింది.

దొరికిన చోటును ఆయన ఎలా నింపారో 1968 నాటి ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ ఆరంభంలో చూడవచ్చు. రైలు కోసం కాచుకున్న ముగ్గురు హంతకుల్లో ఆయన ఒకరు. పైనుంచి నీటిచుక్కలు తలమీద పడుతుంటే పక్కకు జరగక, టోపీ పెట్టుకుని అలాగే నిలబడి, చివరకు టోపీలో చేరిన ఆ నీటినే తాగుతారు. ఒక్క మాట లేదు.

బొమ్మ సంగతి నిజమే. తెరపై ఇంత తక్కువగా మాట్లాడిన మనిషి పేరును అంత వాగుడుకాయ బొమ్మకు పెట్టడం తమాషాగా ఉంటుంది. 1995లో ‘టాయ్ స్టోరీ’ విడుదలయ్యేనాటికి స్ట్రోడ్ లేరు. 1994 డిసెంబరు 31న ఆయన కన్నుమూశారు.