పెంపుడు పాముకు ఆహారం పెట్టెలోనా, బయటనా?

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

నీ బాల్ పైథాన్‌కు, అంటే ఆ చిన్న జాతి కొండచిలువకు, ఆహారం దాని పెట్టెలోనే పెట్టాలా, వేరే డబ్బాలోకి మార్చి పెట్టాలా అని అడిగావు. పెట్టెలోనే పెట్టు. లోపల తినడం అలవాటైన పాము తలుపు తీసినప్పుడల్లా చేతిని కరుస్తుందన్న మాట నీ చెవిన కూడా పడి ఉంటుంది. కానీ వారానికో, రెండు వారాలకో ఒకసారి తినే పాముకు నీళ్లు మార్చడానికీ, శుభ్రం చేయడానికీ నీవు ఆ తలుపు రోజూ తెరుస్తూనే ఉంటావు కనుక, తలుపు తెరుచుకోవడం ఒక్కటే ఆహారానికి గుర్తుగా మిగలదు. దానిని దూకేలా చేసేవి ఎలుక వాసన, వెచ్చదనం, కదలిక. పైథాన్ల పెదవుల మీది గుంటలు వేడిని పసిగడతాయి కాబట్టి, ఎలుకను ముట్టుకున్న చేతిని కడుక్కోకుండా లోపల పెడితే కాటు పడినా పాము తప్పు లేదు. ఆహారం లేని రోజున, ఎత్తుకునే ముందు కొక్కెంతో దాని ఒంటిని మెల్లగా తాకు. కొన్నాళ్లకు ఆ స్పర్శకు అర్థం దానికే తెలుస్తుంది.

అసలు చిక్కు డబ్బాలోకి మార్చడంలో కాదు, తిన్నాక వెనక్కి మార్చడంలో ఉంది. అప్పటికి అది ఇంకా వేట ఊపులోనే ఉంటుంది. పైగా నిండు కడుపుతో కదిలిస్తే, బెదిరి, మింగినదంతా కక్కే ప్రమాదం ఉంది. కక్కిన పాముకు గొంతు, కడుపు కోలుకోవడానికి 10 నుంచి 14 రోజులు ఏమీ పెట్టకుండా ఉంచి, తర్వాత చిన్న ఎలుకతో మొదలుపెట్టవలసి వస్తుంది. అందుకే తిన్నాక కనీసం 48 గంటలు ముట్టుకోవద్దు. బాల్ పైథాన్ అసలే బిడియపు జీవి, కొత్త డబ్బాలో పెడితే తినడమే మానేయవచ్చు.

పెట్టె అడుగున పరిచిన పొట్టు నోట్లోకి పోతుందన్న భయముంటే ఎలుకను చదునైన పలక మీద పెట్టు. గడ్డకట్టిన ఎలుకను ఫ్రిజ్‌లో కరగనిచ్చి, గోరువెచ్చని నీటితో వెచ్చబరచి, తుడిచి, పొడవైన పట్టకారుతో అందించు. మైక్రోవేవ్ జోలికి పోవద్దు. బతికున్న ఎలుక పామునే కొరికి పుండు చేయగలదు.

ఒకే పెట్టెలో రెండు పాములుంటే మాత్రం, తినేటప్పుడు వాటిని విడదీయక తప్పదు. ఒకే ఎలుకను రెండూ చెరోవైపు నుంచి పట్టుకుంటే ఒకటి రెండోదాన్ని మింగబోతుంది. అయితే దానికి డబ్బా తాత్కాలిక ఉపాయమే, దేని పెట్టె దానికి ఉండడమే నా మాట. కింగ్ స్నేక్ వంటివి తోటి పాములనే తింటాయి, వాటి విషయంలో మరో ఆలోచనే లేదు.

నీ పాము ఇప్పటికే డబ్బాకు అలవాటు పడి ఉంటే, చీకటి పడ్డాక, పెట్టెలో అది దాక్కునే గూటి ముందే ఎలుకను అందించి చూడు. తినకపోతే తీసివేసి వారం ఆగు. కుబుసం విడిచే ముందు ఎలాగూ తినకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాముకు ఒక పూట తప్పితే ఏమీ కాదు, కంగారంతా పెంచేవారిదే.