పొల్లు పలకని కీబోర్డు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మొరాయిస్తున్న కీబోర్డుల గురించినవే. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఐదింటికి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: పదిహేనేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేస్తాను. ఆరు నెలలుగా నా కీబోర్డులో ‘డి’ కీ ఒక్కటే ఇబ్బంది పెడుతోంది. గట్టిగా నొక్కితే పడుతుంది, మామూలుగా నొక్కితే పడదు. ‘అమ్మ’ అని కొడితే ఒక్కోసారి ‘మమ’ అని వస్తోంది. ఒక్క కీ కోసం కొత్త కీబోర్డు కొనవలసిందేనా?
– ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి

జవాబు: మీ కీబోర్డులో ‘డి’ కీయే ముందుగా అరగడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఆ కీ పొల్లుది, అంటే ‘క్’లో లాగా హల్లుకు అచ్చు లేకుండా చేసే గుర్తుది. వత్తు పడాలన్నా రెండు హల్లుల నడుమ దానినే నొక్కాలి. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే అదే కీ ‘అ’ను ఇస్తుంది. మీరు ఉదహరించిన ‘అమ్మ’ అనే మాటకు నాలుగు అక్షరపు కీలు నొక్కాలి. అందులో రెండుసార్లు వేలు పడేది ఆ కీ మీదనే. తెలుగులో ద్విత్వాక్షరం గాని సంయుక్తాక్షరం గాని లేని వాక్యం అరుదు కనుక, ఇంగ్లీషు టైపు చేసేవారికి ఒక మామూలు హల్లు అయిన కీ మనకు వ్రాతనంతటినీ మోసే కీ అయింది. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ లిపులకు ఉమ్మడిగా ఈ అమరికను నిర్ణయించినప్పుడు పొల్లుకు ఎడమచేతి నడిమివేలు ఎప్పుడూ ఆని ఉండే చోటును ఇచ్చింది. వేలికి అది సుఖమే గాని కీకి కాదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారికి ఇదే బాధ ‘ఏ’ కీ దగ్గర మొదలవుతుంది.

కొద్దిగా లెక్క వేసి చూడండి. మామూలు కీబోర్డులో ఒక్కొక్క కీ ఆయువు సాధారణంగా 50 లక్షల నుంచి కోటి నొక్కుల వరకు ఉంటుందని తయారీదారులు చెబుతారు. మీరు రోజుకు 30 వేల సార్లు కీలు నొక్కుతారనీ, అందులో పదోవంతు ‘డి’ మీద పడుతుందనీ అనుకుంటే, ఏడాదికి 300 పనిదినాలలో ఆ ఒక్క కీ 9 లక్షల నొక్కులు తింటుంది. ఆరేళ్లు తిరగకముందే 50 లక్షలు పూర్తవుతాయి. అప్పటికి పక్కనున్న కీలు ఇంకా కొత్తగానే ఉంటాయి.

ఇక మీ కీ లోపల జరుగుతున్నది ఏమిటో చూద్దాము. ప్రతి కీ కింద ఒక రబ్బరు బుడిపె, దాని కింద మూడు పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. పై పొర మీద, కింది పొర మీద కరెంటు ప్రవహించే గీతలు ముద్రించి ఉంటాయి. నడిమి పొరలో ప్రతి కీకీ ఒక రంధ్రం ఉంటుంది. కీ నొక్కినప్పుడు బుడిపె పై పొరను ఆ రంధ్రంలోకి వంచి కింది పొరకు తాకిస్తుంది. గట్టిగా నొక్కితే అక్షరం పడుతున్నదంటే గీత తెగలేదన్నమాట. బుడిపె డీలాపడి ఉండాలి, లేదా కింద నలుసు చేరి ఉండాలి.

ముందుగా శుభ్రం చేసి చూడండి. కీబోర్డు వైరు కంప్యూటరు నుంచి ఊడదీసి, దానిని బోర్లించి మెల్లగా తట్టి, ‘డి’ కీ తొడుగును నిటారుగా పైకి లాగండి. స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్ట్ వంటి పొడవు కీల కింద ఇనుప తీగ ఉంటుంది కనుక అవసరం లేకుండా వాటి జోలికి వెళ్లవద్దు. తొడుగును సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. లోపలి భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో తుడవండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. చేతుల శానిటైజర్‌లోని గ్లిసరిన్ జిగురుగా మిగిలిపోతుంది. కుట్టుమిషను నూనె చుక్క వేయమని సలహా ఇచ్చేవారు ప్రతి ఆఫీసులోనూ ఒకరు ఉంటారు. వారి మాట వినవద్దు, నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. కొన్ని కీబోర్డులలో రబ్బరు బుడిపెలు విడివిడిగా ఉంటాయి. మీది అటువంటిదే అయితే, విప్పినప్పుడు ఎవరూ ముట్టని స్క్రోల్‌లాక్ కింది బుడిపెను తెచ్చి ‘డి’ కింద పెట్టవచ్చు.

అదీ కుదరకపోతే క్యాప్స్‌లాక్ కీకి ‘డి’ పని అప్పగించండి. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే తేడాయే లేదు కనుక, వేలికి అంత దగ్గరలో ఉన్న ఆ కీ మనకు ఊరకే పడి ఉన్నట్టే. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ అనే భాగం ఈ మార్పు చేస్తుంది. అయితే అది విండోస్‌లోకి ప్రవేశించిన తరువాతనే పనిచేస్తుంది. మీ పాస్‌వర్డ్‌లో ‘డి’ ఉంటే తలుపు దగ్గరే ఆగిపోతారు. షార్ప్‌కీస్ అనే ఉచిత ప్రోగ్రాము ఇదే మార్పును విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో రాస్తుంది గనుక లాగిన్ తెర మీద కూడా చెల్లుతుంది. వర్డ్‌లో ప్రతి అక్షరానికీ ఉండే యూనికోడ్ సంఖ్యను కొట్టి, ఆల్ట్‌తో ‘ఎక్స్’ నొక్కినా పొల్లు వస్తుందని కొందరు పాఠకులు గుర్తుచేశారు. నిజమే గాని, పొల్లు సంఖ్య ‘సున్నా, సి, నాలుగు, డి’. చివరి అక్షరం మళ్లీ ‘డి’యే!

ఇవన్నీ గడువు దగ్గర పడినప్పుడు పని ఆగకుండా చూసుకునే ఉపాయాలు మాత్రమే. కొన్ని వందల రూపాయలకు కొత్త కీబోర్డు దొరుకుతున్నప్పుడు, టైపుమీదనే జీవనం సాగించే మీరు నడిమివేలిని ఆరు నెలలుగా శిక్షించడం దండగ. కొత్తది కొనండి, పాతదాన్ని అటక మీద ఉంచండి.

ప్రశ్న: మూడేళ్ల కిందట మెకానికల్ కీబోర్డు కొన్నాను. కోట్ల నొక్కులకు హామీ అన్నారు. ఇప్పుడు కొన్ని కీలు ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నాయి. ‘కల’ ‘కకల’ అవుతోంది. నేనూ ఇన్‌స్క్రిప్ట్‌లోనే కథలు రాసుకుంటాను.
– ఒక రచయిత్రి, వరంగల్

జవాబు: మెకానికల్ కీబోర్డులో ప్రతి కీకీ విడిగా ఒక లోహపు స్విచ్ ఉంటుంది. అది మూసుకున్న క్షణంలో దాని రేకు కొన్ని మిల్లీసెకన్లపాటు అదురుతుంది. కీబోర్డులోని చిప్ ఆ అదురును లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తుంది. రేకుకు చిలుము పట్టినా, దుమ్ము చేరినా అదురు ఎక్కువసేపు సాగుతుంది. చిప్ దానిని రెండో నొక్కు అనుకుంటుంది. 5 కోట్లు, 10 కోట్లు అన్న హామీలు స్ప్రింగుకూ రేకుకూ వర్తిస్తాయి గాని, కిటికీ పక్కన మూడేళ్లు పడిన దుమ్ముకు కాదు. స్విచ్‌లు చేతితో ఊడివచ్చే రకం కీబోర్డు అయితే పాడైన వాటినే మార్చుకోవచ్చు, లేకపోతే టంకం పెట్టగలవారి దగ్గరకు తీసుకువెళ్లాలి.

అంతవరకు విండోస్ యాక్సెసిబిలిటీ అమరికలలో ఫిల్టర్ కీస్ కింద ఉన్న బౌన్స్ కీస్‌ను వాడి చూడండి. అర సెకనులోపు మళ్లీ పడిన అదే కీని అది పట్టించుకోదు. ఇంగ్లీషు రాసేవారికి ఇది నరకం. వారి మాటలలో జంట అక్షరాలు అడుగడుగునా ఉంటాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో మనకు ఆ చిక్కు చాలావరకు లేదు, ఎందుకంటే ‘మ్మ’, ‘క్క’, ‘ల్ల’ వంటి ద్విత్వాలలో రెండు హల్లుల నడుమ పొల్లు వచ్చి తీరుతుంది. ‘మమత’, ‘లలిత’ వంటి పేర్ల దగ్గర, ‘1100’ వంటి అంకెల దగ్గర మాత్రం నిదానించండి.

ప్రశ్న: మూడు వారాల కిందట ల్యాప్‌టాప్ మీద టీ ఒలికింది. వెంటనే ఆపి, ఒక రాత్రంతా బియ్యం డబ్బాలో ఉంచాను. ఇప్పుడు 9, ‘ఓ’, ‘ఎల్’, ఫుల్‌స్టాప్ కీలు నాలుగూ పనిచేయడం లేదు. టీ పడింది ఒక్కచోట, నాలుగు వరుసలలో కీలు పోవడం ఏమిటి?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పోయినవి నాలుగు కీలు గాని, లోపం బహుశా ఒక్కటే. కీబోర్డులో ప్రతి కీకీ వేరే తీగ వేయరు. అడ్డగీతలు, నిలువుగీతలు అల్లి, అవి కలిసే ప్రతి చోటా ఒక కీని పెడతారు. 8 అడ్డగీతలు, 18 నిలువుగీతలు ఉంటే 26 తీగలతో 144 కీల దాకా నడపవచ్చు. మీరు చెప్పిన నాలుగు కీలూ పై నుంచి కిందికి ఒకదాని కింద ఒకటి ఏటవాలుగా ఉన్నాయి, చాలా కీబోర్డులలో అవి ఒకే నిలువుగీతకు చెందుతాయి. ఆ గీత టీ తడికి చిలుమెక్కి ఒకచోట తెగి ఉంటుంది. కనుక కీ తొడుగులు పీకి తుడవడం వల్ల ప్రయోజనం లేదు. పైగా ల్యాప్‌టాప్ తొడుగుల కింది కత్తెర ఆకారపు కొక్కేలు చిటికెలో విరుగుతాయి.

బియ్యం సంగతి చెప్పక తప్పదు. బియ్యం లోపలి తడిని బయటికి లాగదు. దాని పిండి, నూక మాత్రం లోపలికి పోతాయి. ఒలికింది పాలూ చక్కెరా కలిసిన టీ కనుక, నీరు ఆవిరైపోయినా జిగురు నిలిచిపోతుంది. ఆ వెంటనే చార్జరు పీకి, పవర్ బటన్ నొక్కి ఉంచి ఆపి, ల్యాప్‌టాప్‌ను గుడారంలా బోర్లించి, ఆన్ చేయకుండా మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లి బ్యాటరీ విడదీయించి లోపల శుభ్రం చేయించి ఉండవలసింది. ఇప్పుడైనా మదర్‌బోర్డు మీద టీ మరక ఉన్నదేమో విప్పించి చూడండి. కీబోర్డు కన్నా అది ముఖ్యం.

మార్పిడికి ఇచ్చేముందు దుకాణంలో రెండు విషయాలు అడగండి: కీబోర్డు ఒక్కటే విడిగా వస్తుందా, లేక పై మూతతో కలిపి మార్చాలా? పలుచని మోడళ్లలో కీబోర్డును మూతకు ప్లాస్టిక్ రివెట్లతో బిగించేస్తారు, అందువల్ల ఖర్చు అమాంతం పెరుగుతుంది. పాత కీబోర్డు వెనుక ముద్రించిన పార్ట్ నంబరుతో కొత్తది సరిపోతున్నదా? ద్రవం ఒలికిన నష్టం మామూలు వారంటీ కిందికి సాధారణంగా రాదు. ల్యాప్‌టాప్ కీలు ఎంత సున్నితమైనవో ఆపిల్ అనుభవమే చెబుతుంది: 2015లో ఆ సంస్థ తెచ్చిన సీతాకోకచిలుక తరహా కీలు నలుసు పడినా మొరాయించడంతో, 2018లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించి, 2019 చివరి నుంచి మళ్లీ కత్తెర తరహాకే వచ్చింది.

ప్రశ్న: ఉన్నట్టుండి ఏ కీ నొక్కినా అక్షరం పడటం లేదు. చాలాసేపు నొక్కి పట్టుకుంటే పడుతోంది. కీబోర్డు పోయిందని దుకాణంవారు అన్నారు.
– విశ్రాంత ఉపాధ్యాయులు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, తొందరపడి కొనవద్దు. కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లపాటు నొక్కి ఉంచితే విండోస్‌లో క్షణకాలపు నొక్కులను పట్టించుకోని ఫిల్టర్ కీస్ అమలులోకి వస్తుంది. ఆలోచిస్తూ చేయి దాని మీద ఆనించి ఉంటారు. మళ్లీ అంతసేపు నొక్కి ఉంచితే తొలగిపోతుంది. అన్ని కీలూ ఒకేసారి ఒకే విధంగా మారాయంటే అరుగుదలను అనుమానించనక్కరలేదు, ఎందుకంటే అరుగుదల ఒక్కొక్క కీగా వస్తుంది. సందేహం ఉంటే పక్కింటివారి యూఎస్‌బీ కీబోర్డు తెచ్చి తగిలించండి. దానితోనూ ఇలాగే ఉంటే దోషం అమరికలదే.

ప్రశ్న: మా ఆఫీసు కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోయాయి. కీలు పనిచేస్తున్నాయి. స్టిక్కర్లు అంటించవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నిస్సంకోచంగా అంటించవచ్చు. కీలను ఆల్కహాల్‌తో తుడిచి, ఆరిన తరువాత అంటిస్తే ఎక్కువకాలం ఉంటాయి. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నవి తీసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునే కొత్తవారికి కూడా పనికివస్తాయి. మళ్లీ కొనేటప్పుడు, అక్షరాన్ని పైన ముద్రించకుండా రెండు రంగుల ప్లాస్టిక్‌తో పోతపోసిన తొడుగులు అడగండి, వాటి మీద అక్షరం చెరగదు. ‘ఎఫ్’, ‘జె’ కీల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, చూడకుండా టైపు చేసేవారి చూపుడువేళ్లకు అవే గుర్తులు. స్టిక్కరును ఆ గీతల పైభాగానే ఆగేలా కత్తిరించి అంటించండి.