మెరక చేసే ముందు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి సూరిబాబుకి,

మావయ్య దీవెనలు. తాళ్లరేవు అవతల మూడెకరాల చేను ప్లాట్లు వేస్తున్నావని, దాళ్వా (రెండో పంట) కోత అవగానే గ్రావెల్ తోలించి నేల ఎత్తు పెంచి మెరక చేస్తావని మీ అమ్మ చెప్పింది. గజం ధర గురించి, గేటు డిజైను గురించి చెప్పేవాళ్లు నీకు బోలెడు మంది ఉంటారు. నేను చేను వెనక మురుగు కాలువ గట్టు గురించి చెబుతాను.

కోరింగ మడ అడవి పక్క ఊళ్లలో బావురుపిల్లి (ఫిషింగ్ క్యాట్), నీరుకుక్క (ఆటర్), నక్క, జంగపిల్లి (అడవి పిల్లి) రాత్రిపూట తిరిగేది ఇలాంటి గట్ల మీదే. మన డెల్టాలో కొండల్లేవు. గట్లు, బోదెలు (చిన్న పంట కాలువలు), జమ్ము దుబ్బులు, తాటి వరసలు, వాటికి ఉన్నదల్లా ఇంతే. ఊరు పెరిగితే జంతువులు ఎటో వెళ్లిపోతాయంటారు. ఎటు వెళ్తాయి? పక్క చేనూ ప్లాట్లే అవుతుంటే మిగిలిన ముక్కలో ఇరుక్కుంటాయి, రోడ్డు దాటబోయి చస్తాయి, లేదా నీ దగ్గర ప్లాటు కొన్నవాళ్ల వంటింట్లో తేలతాయి. కాబట్టి ఇవన్నీ మొదటి లారీ రాకముందే తేల్చుకో. మెరక పడ్డాక చేయగలిగేది చాలా తక్కువ.

కాలువ పోరంబోకు ఎక్కడిదాకానో సర్వేయరుని పిలిచి రాళ్లు పాతించు. ఆ రాళ్ల నుంచి నీ వైపు ఇంకో 12 అడుగులు మెరక చేయకుండా పాత చేను మట్టంలోనే వదిలెయ్. 300 అడుగుల పొడవుకి పోయేది 400 గజాలు, ఎనిమిది సెంట్ల పైచిలుకు. లేఅవుట్‌లో పార్కుకని ఎలాగూ జాగా వదలాలి కదా, అందులో కొంత ఇటు జరపడం కుదురుతుందేమో ప్లాను గీసేవాణ్ని అడుగు. అక్కడి జమ్ము, తుంగ, రెల్లు పీకించకు. దోమలని జనం గోల పెడితే ఏడాదికి సగం పొడవు మాత్రం, అదీ ఎండాకాలంలో కోయించు. మిగతా సగం మరుసటి ఏడు. వానల్లో కత్తి పెట్టనివ్వకు, గిజిగాళ్లు గూళ్లు కట్టుకునేది అప్పుడే. మెరకకీ ఈ జాగాకీ మధ్య నిలువు గోడ వద్దు. అడుగు ఎత్తుకి రెండడుగుల వాలు ఉండేలా మట్టి సర్ది గడ్డి ఎక్కించు. నిలువు గోడైతే తాబేలూ కప్పా ఎక్కలేవు సరికదా, పునాది లోతుగా లేకపోతే వానకి కింద మట్టి కోసుకుపోయి గోడే కాలువలోకి ఒరుగుతుంది.

గ్రావెల్ ఎటునుంచి తోలుతావన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎక్కువ ప్రాణాలు పోయేది అక్కడే. నాలుగు వైపులా కుప్పలు పోసి మధ్యలోకి నెట్టుకొస్తే చేలో ఉన్న ముంగిస, జెర్రిపోతు, పిల్లలతో ఉన్న జంగపిల్లి అన్నీ నడుమ చిక్కి పూడిపోతాయి. రోడ్డు పక్క మొదలుపెట్టి కాలువ వైపు సాగమను. రోజుకి కొంత మేర, పగటి వెలుగులోనే. వరి కొయ్యకాళ్లు తగలబెట్టి శుభ్రం చేద్దామంటారు, ఒప్పుకోకు. చుట్టూ మంట పెడితే వాటికి బయటికి దారే ఉండదు. పునాది గోతులు, సెప్టిక్ ట్యాంకు గుంటలు తవ్వాక ప్రతి దానిలో రాత్రిపూట ఒక చెక్క వాలుగా దించి ఉంచమను. పొద్దున్నే కాంక్రీటు పోసేముందు మేస్త్రీ ఓసారి లోపలికి చూడాలి. పాములు పడ్డ గుంటలోకి చూడకుండా దిగి కాటు తిన్న కూలీలు ఉన్నారు, అందుకని ఇది కప్పల కోసమే అనుకోకు.

ఇప్పుడు తూము. 216వ నంబరు జాతీయ రహదారి నుంచి నీ లోపలి రోడ్డు బోదె దాటే చోట అడుగు వెడల్పు పైపు వేసి సరిపెడతారు. అది ఒక్క తుఫానుకి గుర్రపుడెక్కతో పూడిపోతుంది, నీళ్లు ఎగదన్ని నీ ప్లాట్లలోకే వస్తాయి. కనీసం మూడడుగుల పైపు వేయించు, కుదిరితే పెట్టె కల్వర్టు. పెట్టె కల్వర్టైతే లోపల ఒక పక్కన, మామూలు నీటి మట్టానికి అరడుగు పైన, అడుగు వెడల్పు మెట్టు కట్టించు. రెండు చివర్లా ఆ మెట్టు గట్టు నేలకి కలవాలి, గాల్లో ఆగిపోతే దండగ. బావురుపిల్లి నీళ్లలో దిగి చేపలు పట్టే జంతువే అయినా, వరద నీరు తూము నిండా పారుతున్నప్పుడు అది రోడ్డెక్కుతుంది. పొడిగా నడిచే చోటుంటే కిందనుంచే పోతుంది. సిమెంటు మురుగు కాలువలు కట్టిస్తే ప్రతి 60 అడుగులకీ ఒకచోట గోడని వాలు చేసి గరుకు రాళ్లు పరిపించు.

ప్రహరీ కట్టక తప్పదంటావు. కట్టు. కాలువ వైపు గోడ అడుగున ప్రతి 25 అడుగులకీ ఆరంగుళాల చదరపు కన్నాలు వదులు. పాములొస్తాయని అందరూ నీ మీద పడతారు. గేటు కింద రెండంగుళాల సందు పెట్టుకుని ప్రహరీతో పాముల్ని ఆపలేరని చెప్పు. పాముని ఆపాల్సింది ఇంటి దగ్గర: తలుపు కింద పావంగుళం మించి సందు లేకుండా రబ్బరు పట్టీ, స్నానాల గది నీళ్లు పోయే కన్నానికి సన్న జాలీ, గోడ చుట్టూ మూడడుగుల గచ్చు, ఇటుకలు, కట్టెలు ఇంటికి 20 అడుగుల దూరంలో. కన్నాల్లోంచి వచ్చే ముంగిసా జెర్రిపోతూ ఎలుకల్ని తగ్గిస్తాయి, ఎలుకలు తగ్గితే నాగుపాముకి అక్కడ పనుండదు. నేల మీద పడుకునే కూలీలకి మాత్రం మంచాలూ దోమతెరలూ ఇప్పించు. కట్లపాము రాత్రిపూట వస్తుంది, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. కరిస్తే కట్లు బిగించడం, కోయడం, నాటు మందు ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి సర్కారు ఆసుపత్రికి పంపాలి.

ఎలుకల మందు విషయంలో గట్టిగా ఉండు. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నాళ్లు మత్తుగా బయట తిరుగుతుంది. దాన్ని తిన్న తెల్ల గుడ్లగూబకీ ఆ విషం ఎక్కుతుంది. ఎలుకలు పట్టేవాళ్లని పిలిచి బుట్టలు పెట్టించు.

దీపాలకి తెల్లటి ఎల్ఈడీలు కొనకు. తెలుపుకి పురుగులు ఎక్కువ మూగుతాయి, పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు. వెలుతురు రంగు కొలత 3000 కెల్విన్ లేదా అంతకన్నా తక్కువ ఉన్న పసుపు దీపాలు, పైన మూతతో, 12 నుంచి 15 అడుగుల స్తంభాల మీద, వెలుతురు రోడ్డు మీదే పడేట్టు పెట్టించు. కాలువ వైపు ఒక్క దీపమూ వద్దు. ఉప్పాడ తీరంలో రిసార్టు కడతానంటున్న నీ స్నేహితుడికి ఇది ఇంకా ముఖ్యం. చలికాలం చివర్లో సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజులకి బయటపడ్డ పిల్లలు ఎటు వెలుతురుంటే అటు పాకుతాయి, వాటికి కనిపించేది సముద్రం కాక అతని హోటలైతే తెల్లారేసరికి కుక్కల పాలే.

కుక్కలంటే గుర్తొచ్చింది. లేఅవుట్ మూల చికెన్ కొట్టు వ్యర్థాలు వేయనిస్తే రెండు నెలల్లో కుక్కల గుంపు తయారవుతుంది. నా లెక్కలో ఊరు చేసే హానిలో ఇది అన్నిటికన్నా చవగ్గా ఆపగలిగింది, ఎవరూ ఆపనిది. మూత ఉన్న డబ్బా, రోజూ ఎత్తే మనిషి, అంతే కావాలి. లేకపోతే ఆ గుంపు చెట్లెక్కే మానుపిల్లినీ నక్క పిల్లల్నీ బతకనివ్వదు, రేబిస్ కూడా అటూ ఇటూ పాకుతుంది.

తాటిచెట్లు వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి అడగకుండా కొట్టకు. తల విరిగిన మోడు పనికిరాదనుకుంటారు. చిలకలూ గోరింకలూ పిల్లల్ని పెట్టేది దాని తొర్రల్లోనే. ఇంటి మీద పడుతుందన్న భయముంటే 15 అడుగుల ఎత్తుకి కోసి మిగతాది ఉంచు. కొత్త మొక్కలకి కడియం నర్సరీలకి వెళ్తే కోనోకార్పస్ అంటగడతారు, తీసుకోకు. కానుగ, నేరేడు, పొగడ వేయించు; మేడి, రావి లాంటివి గోడకి 30 అడుగుల అవతల, కాలువ పక్కన.

చేలో ఎక్కడైనా చారలూ చుక్కలూ ఉన్న పిల్లికూనలు దొరికితే కుర్రాళ్లు చిరుతపులి పిల్లలని వీడియోలు తీస్తారు. ఎత్తుకెళ్లనివ్వకు. ఆ పక్క పని ఆపి, జనాన్ని దూరంగా పంపేస్తే చాలాసార్లు తల్లి రాత్రికి వచ్చి తీసుకుపోతుంది. అటవీ శాఖ వాళ్లకి అప్పుడే కబురు పెట్టు. బావురుపిల్లి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, పట్టుకుంటే జైలు కేసు.

తూము పని కాలువలకి నీళ్లు ఆపేసిన రోజుల్లోనే అవుతుంది. నీళ్లు వదిలాక బోదెలో కాంక్రీటు నిలవదు. అందుకని పెట్టె కల్వర్టు కొలతలు ఈ వారంలోనే తీయించి, ఆర్డరు ఇచ్చేముందు నాకొకసారి పంపు.

ఇట్లు,
మావయ్య