మాచర్ల వైపు వెళ్తున్న మా డాక్టరమ్మకు

చిట్టితల్లీ,

మాచర్ల దగ్గర పీహెచ్‌సీలో డాక్టరుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వీధిలో కనపడిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడి నుంచి గుంటూరు 100 కిలోమీటర్ల పైమాట. అర్ధరాత్రి ఎవరైనా గుండె పట్టుకుని వస్తే నువ్వొక్కదానివే ఉంటావు.

వేళకు తిను, నీళ్లు కాచుకుని తాగు, తలుపు గడియ చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను నర్సుగా చేరిన డెబ్బైలలో గుండెపోటు రోగిని రోజుల తరబడి మంచం దిగనిచ్చేవాళ్లం కాదు. మార్ఫిన్, ఆక్సిజన్, ఆపైన దేవుడు. ఎనభైల చివర గుండె రక్తనాళంలో గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ వచ్చింది. 15 లక్షల యూనిట్లు గంటసేపు ఎక్కిస్తూ, బీపీ పడిపోతుందేమోనని మంచం పక్కనే నిలబడేవాళ్లం. ఈసీజీలో ఎత్తుగా లేచిన గీత కిందికి దిగుతుంటే మా ప్రాణం లేచి వచ్చేది. ఆ మందూ ఆస్పిరిన్ మాత్రా రెండూ ఇస్తే, ఏదీ ఇవ్వనివాళ్లతో పోలిస్తే ఐదు వారాల్లో మరణాలు నూటికి 13 నుంచి 8కి తగ్గాయని 1988లో ఐసిస్-2 అనే పెద్ద అధ్యయనం తేల్చింది. అందులో ఆ చవక మాత్ర బలమూ ఉంది! ఇప్పుడు గడ్డ కరిగించడానికి టెనెక్టెప్లేస్ ఒక్క ఇంజెక్షనే. ఆపైన స్టెంట్లు.

ఇన్ని ఉన్నా నాకు భయం ఎందుకంటే, మీ తాతయ్య.

అప్పట్లో తెనాలిలో ఉండేవారు. రాత్రి భోజనం కాగానే గుండెల మీద బరువుగా ఉందన్నారట. ఆవకాయ పడలేదన్నారు ఇంట్లో అందరూ. వాము నమిలించారు, సోడా తాగించారు. వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్‌కని సూది వేసి వెళ్లాడు. బనియను చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోతే మార్చి తొడిగారు గానీ, ఆ చెమట ఎందుకు పట్టిందని ఒక్కరూ అడగలేదు. తెల్లవారాక గుంటూరు తెచ్చారు. బతికారు. కానీ ఆ రాత్రి చచ్చిపోయిన గుండె కండరం మళ్లీ రాలేదు. చేనంతా తిరిగిన మనిషి స్నానాల గదికి వెళ్లి వచ్చేసరికి ఆయాసపడేవారు. నిన్ను ఎత్తుకోవాలని చేతులు చాచి, మళ్లీ దించుకునేవారు.

2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన మన దేశపు అధ్యయనంలోనూ, పెద్ద గుండెపోటు రోగుల్లో సగం మందికి ఆసుపత్రి చేరడానికి 5 గంటలు, అంతకు మించి పట్టింది. అందుకే గట్టిగా చెబుతున్నాను, విసుక్కోకు. గ్యాస్ అని ఎవరు చెప్పినా 10 నిమిషాల్లో ఈసీజీ తీయి. మొదటిది మామూలుగా ఉండి నొప్పి తగ్గకపోతే పావుగంటకు మళ్లీ తీయి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పే లేకుండా ఒట్టి ఆయాసం, నీరసం ఉండవచ్చు. ‘పనెక్కువై నీరసం’ అని ఏ తల్లినీ వెనక్కి పంపకు.

రెండు గంటల్లో స్టెంట్ వేసేచోటికి చేర్చలేమనుకుంటే, రక్తస్రావం, పక్షవాతం, ఈమధ్య ఆపరేషన్ లాంటివి అడిగి తెలుసుకుని, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి అంబులెన్స్ ఎక్కించు. నొప్పి తగ్గిందని ఇంటికి పోతామంటారు. పోనివ్వకు, యాంజియోగ్రామ్ చేయించాలి.

చేరిన రోజే ఈసీజీ మిషన్‌లో కాగితం ఉందో లేదో చూడు, గుండె లయ తప్పితే షాకిచ్చే డీఫిబ్రిలేటర్ చార్జింగ్ పెట్టించు. గుంటూరులో పెద్ద డాక్టర్ల నంబర్లు గోడకు అంటించు. ఏ వేళైనా సరే వాళ్లకు ఫోన్ చేయడానికి మొహమాటపడకు తల్లీ. నాకు ఆదివారం చేస్తే చాలు.

మీ పెద్దమ్మ