కారు ఎడమకు లాగుతోందా? అలైన్‌మెంట్‌కు ముందు చూడవలసినవి

ప్రశ్న: అయ్యా, మాది 2005 నాటి మారుతి 800. 92,000 కిలోమీటర్లు తిరిగింది. మా నాన్నగారు ముచ్చటపడి కొన్న బండి కావడంతో అమ్మడానికి మనసొప్పడం లేదు. మూడు నెలలుగా చిన్న గుంటలో పడినా ముందు ఎడమ వైపు నుంచి ‘టక్ టక్’మని చప్పుడు వస్తోంది. వేగం 60 దాటితే స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించినా వారం తిరక్కుండానే మళ్లీ మొదటికి వచ్చింది. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఇప్పుడే మార్చకండి. షాక్ అబ్జార్బర్ పని స్ప్రింగ్ ఊగిసలాటను అణచడం. అది చెడితే గుంట దాటిన తరువాత కూడా బండి పడవలా రెండు మూడు సార్లు ఊగుతుంది, బ్రేకు వేసినప్పుడు ముందు భాగం బాగా కిందికి వంగుతుంది, చాలాసార్లు దాని ఒంటి మీద నూనె కారి దుమ్ము పేరుకొని కనిపిస్తుంది. ఇవేవీ మీరు రాయలేదు. పొడిగా వచ్చే చప్పుడు, ఒక వైపు లాగడం, అలైన్‌మెంట్ నిలవకపోవడం, ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు ముందుగా అనుమానించవలసింది ఎక్కడో ఒక కీలు గానీ బుష్ (లోహ భాగాలు కలిసే చోట ఉండే రబ్బరు దిమ్మ) గానీ వదులైందని. వదులైన కీలుతో చేసిన అలైన్‌మెంట్ యంత్రం మీద సరిగానే కనిపిస్తుంది, కానీ బండి రోడ్డెక్కి బ్రేకు పడగానే చక్రం తన చోటు నుంచి జరిగిపోతుంది. నేను కూడా ఒకప్పుడు ఇలాంటి చప్పుడుకే రెండు షాక్ అబ్జార్బర్లు మార్పించాను, చప్పుడు తగ్గలేదు. చివరికి తేలింది అరచేతిలో ఇమిడే ఒక రబ్బరు బుష్.

అయితే పరీక్ష టైర్ల దగ్గరే మొదలుపెట్టాలి. ఉదయాన్నే, బండి కదలకముందు, నాలుగు టైర్లలోనూ గాలి చూసి కంపెనీ చెప్పిన మేరకు సమం చేయండి. ఆ తరువాత ముందు టైర్లు రెండింటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చి అదే రోడ్డు మీద నడపండి. లాగడం కుడి వైపుకు మారినా, పూర్తిగా పోయినా, తప్పు టైరుదే. ఇంకొక సంగతి: వాన నీరు పోవడానికి మన రోడ్లను అంచు వైపు వాలుగా వేస్తారు, మనం నడిపేది ఎడమ పక్కన, కాబట్టి చేతులు వదిలితే ఏ బండి అయినా నెమ్మదిగా ఎడమకు జారుతుంది. అది జబ్బు కాదు. ఖాళీగా ఉన్న సమతలమైన చోట కూడా లాగుతుంటేనే దాన్ని లోపంగా లెక్కించాలి.

తరువాత అరచేతిని టైరు మీద అడ్డంగా నిమరండి, ముందు లోపలి నుంచి బయటికి, ఆపైన బయటి నుంచి లోపలికి. ఒక దిశలో నున్నగా, రెండో దిశలో రంపపు పళ్లలా గరుకుగా తగిలితే టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పినట్టు. టైరు చుట్టూ అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగి ఉంటే మాత్రం షాక్ అబ్జార్బర్‌ను, వీల్ బ్యాలెన్సింగ్‌ను (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండటం) అనుమానించవచ్చు. అప్పుడు మీ మెకానిక్ మాటకు బలం వస్తుంది. అలాగే ఎక్కువగా బ్రేకు వేయకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపి, ముందు చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి (తాకకండి, కాలుతుంది). ఎడమది స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు బ్రేకు పట్టేస్తోందని అర్థం, లాగడానికి అది ఒక్కటే చాలు.

ఇక కీళ్ల పరీక్ష. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. చక్రాన్ని గడియారంలో 9, 3 అంకెలు ఉండే చోట పట్టుకొని అటూ ఇటూ కదిపినప్పుడు ప్లే (వదులు కదలిక) తెలిస్తే టై రాడ్ ఎండ్‌ను (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి కీలు) గానీ స్టీరింగ్ ర్యాక్ లోపలి కీలును గానీ చూడాలి. 12, 6 అంకెల చోట పట్టుకొని కదిపినప్పుడు ప్లే ఉంటే మరొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆ కదలిక ఆగితే బేరింగ్ అరిగింది. ఆగకపోతే బాల్ జాయింట్ (చక్రం అడుగున ఉండే గుండ్రటి కీలు) వైపు చూడాలి.

మీ బండిలో ప్రత్యేకంగా చూడవలసింది మరొకటి ఉంది. మారుతి 800లో స్టెబిలైజర్ బార్ మలుపుల్లో బండి ఒరగకుండా చూడటమే కాక, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు నుంచి బండికి కలిపే చేయి) ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే పని కూడా చేస్తుంది. అది ఆర్మ్‌లో కూర్చునే చోట ఉండే బుష్ అరిగిపోతే చప్పుడు, లాగడం, నిలవని అలైన్‌మెంట్ మూడూ ఒక్కసారే వస్తాయి, మీ ఉత్తరం చదవగానే నాకు తట్టింది అదే. ఖాళీ స్థలంలో నడక వేగంతో ముందుకు వెళ్లి బ్రేకు వేయండి, వెంటనే రివర్సులో వచ్చి బ్రేకు వేయండి. దిశ మారినప్పుడల్లా ఒక్కొక్క ‘టక్’ వినిపిస్తే అనుమానం దాదాపు రూఢి అయినట్టే. మెకానిక్ చేత బుష్ దగ్గర చిన్న గడ్డపార పెట్టించి ఆర్మ్‌ను కదిలించి చూడమనండి. రబ్బరు చీలిపోయి ఖాళీ తెరుచుకోవడం మీ కంటికే కనిపిస్తుంది.

లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చవలసి వస్తే ఒక జాగ్రత్త తప్పనిసరి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరిగిపోతుంది. చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనిన తరువాతే చేయించండి. అలైన్‌మెంట్ అన్నిటికన్నా ఆఖరున. ఈ బండిలో సరిచేయగలిగేది టో ఒక్కటే. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణం) తేడాగా ఉందని కాగితం చూపితే ఎక్కడో ఒక భాగం వంగిందనో అరిగిందనో అర్థం, ఆ భాగాన్ని మార్చాలి తప్ప వంచి సరిపెట్టనివ్వకండి.

ప్రశ్న: మా 2008 వ్యాగన్ ఆర్ 80 దగ్గర స్టీరింగ్ వణుకుతోంది, 95 దాటితే తగ్గుతోంది. ఇది సస్పెన్షన్ లోపమా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఒక వేగంలో పుట్టి, ఆ వేగం దాటగానే సద్దుమణిగే వణుకు సాధారణంగా వీల్ బ్యాలెన్సింగ్‌దే. బ్యాలెన్సింగ్ చేసే యంత్రం మీద చక్రం తిరిగేటప్పుడు దగ్గర నిలబడి రిమ్ అంచును గమనించండి. గుంటల్లో పడి వంగిన రిమ్ అక్కడ ఊగుతూ కనిపిస్తుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వణికితే డిస్కులు చూపించండి. టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెల తేదీ కూడా చదవండి: 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని. గాడులు ఎంత లోతుగా ఉన్నా, పగుళ్లు తేలిన పాత టైర్లను మార్చేయడమే మేలు.

ప్రశ్న: తాతగారి అంబాసిడర్ కుడి వైపుకు ఒరిగి ఉంటోంది. వెనుక నుంచి చూస్తే కాస్త ఐమూలగా నడుస్తున్నట్టు ఉందని కూడా అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఒరుగు ఎక్కడిదో తేల్చుకోండి. ముందు క్రాస్ మెంబర్ (బండి కింద అడ్డంగా ఉండే దూలం) సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి కొద్దిగా లేపి చూడండి. అప్పుడు వెనుక భాగం సమంగా నిలిస్తే లోపం ముందు వైపు టార్షన్ బార్‌లలో (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంది; ఒరుగు అలాగే ఉంటే వెనుక కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు, ఒక వైపు కుంగాయి. ఐమూల నడకకు మాత్రం టేపు చాలు. స్టీరింగ్ నిటారుగా ఉంచి, ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు రెండు వైపులా కొలవండి. స్పష్టమైన తేడా వస్తే కట్టను ఇరుసు మీద నిలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగి, ఇరుసు జరిగిపోయి ఉండవచ్చు. యు బోల్టులు వదులు కావడమే తరచు దీనికి మూలం. అలా ఉన్న బండిని దూర ప్రయాణానికి తీయకండి. కొత్త సెంటర్ బోల్టు వేయించి, యు బోల్టులు బిగించి, కొంత దూరం తిరిగాక వాటిని మరొకసారి బిగించమని కట్టల మేస్త్రీకి చెప్పండి.