తూకపు రాళ్లతో మొదలుపెట్టండి

ప్రశ్న: అయ్యా, మేం ఆరుగురం ఇంజినీరింగ్ విద్యార్థులం. పారఫిన్ మైనం ఇంధనంగా, నైట్రస్ ఆక్సైడ్ ఆక్సీకరణిగా (ఇంధనం మండడానికి ఆక్సిజన్ ఇచ్చేదిగా) చిన్న హైబ్రిడ్ రాకెట్ ఇంజను, అంటే ఘన ఇంధనాన్ని, ద్రవ ఆక్సీకరణిని కలిపి వాడేది, తయారుచేశాం. సుమారు 500 న్యూటన్ల థ్రస్ట్ (తోపుడు బలం), 5 సెకన్ల మంట వస్తాయని మా లెక్క. మొన్న ఇంజనును అంటించే ఇగ్నైటరును మాత్రమే వెలిగించి చూస్తే, థ్రస్ట్‌ను విద్యుత్ సంకేతంగా మార్చి కొలిచే లోడ్ సెల్ రీడింగు ఒక్కసారిగా ఎగిరింది. రెండింటికీ ఒకే బ్యాటరీ వాడాం. వేసవిలో చేయబోయే అసలు పరీక్షకు కొలత పరికరాలను ఎలా సిద్ధం చేసుకోవాలి?
— ఒక విద్యార్థి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మీరు చూసింది థ్రస్ట్ కాదు, బ్యాటరీ ఉలికిపాటు. వోల్టుకు 2 మిల్లీవోల్టుల సున్నితత్వం ఉన్న లోడ్ సెల్‌కు 5 వోల్టులు ఇస్తే, పూర్తి బరువు మోపినా వచ్చే సంకేతం 10 మిల్లీవోల్టులే కాబట్టి, ఇగ్నైటరు లాగే కరెంటు దాన్ని ఇట్టే చెదరగొడుతుంది. ఇగ్నైటరుకు వేరే బ్యాటరీ పెట్టి, దాని తీగలను దూరంగా నడిపి, సెల్‌కు షీల్డు (బయటి విద్యుత్ అలజడిని ఆపే లోహపు తొడుగు) ఉన్న కేబులు వాడి, ఆ షీల్డును ఒక్క చివరే గ్రౌండుకు కలపండి.

అసలు పని తూకం దగ్గరుంది. సెల్‌తో వచ్చిన కాగితంలోని అంకెను నమ్మి ఊరుకోవద్దు. ఆక్సీకరణి గొట్టం బిగుసుకుని స్ప్రింగులా కొంత బలాన్ని తానే మోస్తుంది గనుక, ఇంజను, గొట్టం అన్నీ బిగించిన స్టాండు మీదే తెలిసిన బరువులు మోపి సెల్ రీడింగును సరిచూడాలి. మీ ఊళ్లో ధాన్యం మిల్లులను అడిగితే ముద్ర పడిన 20 కిలోల రాళ్లు మూడు దొరక్కపోవు. వాటిని ఒక్కొక్కటిగా ఎక్కిస్తే 196, 392, 589 న్యూటన్లు. దించేటప్పుడూ అవే రీడింగులు రాసుకోండి. 40 కిలోల దగ్గర ఎక్కేటప్పటి అంకె, దిగేటప్పటి అంకె కలవకపోతే ముందుగా స్టాండులో ఎక్కడో రాపిడి ఉందేమో చూడండి; సెల్‌ను తిట్టి లాభం లేదు.

లోడ్ సెల్ సంకేతాన్ని పెంచి అంకెలుగా మార్చడానికి విద్యార్థులు ఎక్కువగా కొనే హెచ్ఎక్స్711 బోర్డు సెకనుకు 10 లేదా 80 రీడింగులే ఇస్తుంది. థ్రస్ట్ సగటుకు 80 చాలు గానీ, మంట గదిలో వందల హెర్ట్జ్‌లలో వచ్చే పీడన కంపనాలు దానికి అందవు; ఆ పీడనాన్ని కొలిచే సెన్సారుకు సెకనుకు కనీసం కొన్ని వేల రీడింగులు తీసి నమోదు చేసే లాగరు కావాలి. వేడి వాయువు నేరుగా తగలకుండా ఆ సెన్సారు ముందు సిలికోన్ నూనె నింపిన పొట్టి గొట్టం పెడతారు. అదే అలవాటును ఆక్సీకరణి వైపు చూపించకండి: అక్కడ నూనె, గ్రీజు చుక్క కూడా ఉండకూడదు.

ఇక వేసవి మాట. నైట్రస్ ఆక్సైడ్ పీడనం 20 డిగ్రీల వద్ద సుమారు 50 బార్లు, 36.4 డిగ్రీలు దాటితే అది ద్రవంగానే నిలవదు, పీడనం 72 బార్లు మించవచ్చు. మీ వైపు మే నెల మధ్యాహ్నాలకు ఆ వేడి పెద్ద లెక్క కాదు. అందుకే ట్యాంకుకు 100 బార్లకు తగ్గని పీడన సెన్సారు తీసుకోండి, ట్యాంకు గోడకు థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) అంటించండి, పరీక్షను తెల్లవారుజామునే పెట్టుకోండి.

మంట లేకుండా ఆక్సీకరణిని మాత్రమే వదిలి చూసే పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. 2007 జులైలో అమెరికాలోని మొహావీలో సరిగ్గా అలాంటి నైట్రస్ పరీక్షలోనే పేలుడు జరిగి ముగ్గురు మరణించారు. ట్యాంకులో పీడనం ఎక్కాక లోడ్ సెల్ సున్నా కొంత జరుగుతుంది. ఆ జరుగుదలను దూరంగా ఉన్న కంప్యూటరులోనే నమోదు చేసుకోండి, సరిచేయడానికి ఎవరూ స్టాండు దగ్గరకు వెళ్లకూడదు.