జామాయిల్ మొద్దుల కోసం ట్రాక్టర్ కొనాలా?

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. రెండున్నర ఎకరాల్లో జామాయిల్ మూడో కోత కూడా అయిపోయింది. కర్ర అమ్మితే 1,60,000 చేతికొచ్చింది. ఇక జామాయిల్ చాలు, పత్తి వేద్దామనుకుంటే చేను నిండా మొద్దులే. వరసకీ వరసకీ 10 అడుగులు, మొక్కకీ మొక్కకీ ఆరున్నర అడుగులు పెట్టి వేశాం. జేసీబీ అతను గంటకు 1,300 తీసుకుంటానని, మొత్తం 80 వేలు దాటొచ్చని చెప్పాడు. మా బావమరిదేమో ‘ఆ డబ్బు మట్టిలో పోసినట్టే. అదే 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ కొంటే మొద్దులూ పోతాయి, బండీ మిగులుతుంది’ అంటున్నాడు. ట్రాక్టర్ 6,10,000, దాని వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే రోటావేటర్ 90,000. నాలుగు లక్షల ఎఫ్‌డీలోంచి రెండు లక్షలు తీసి కడితే మిగతా ఐదు లక్షలు 12 శాతం వడ్డీకి ఇస్తామన్నారు. ఇంకో మూడు ఎకరాల పొలం, అందులోనే కొంచెం జీడితోట ఉన్నాయి. ఏడాదికి ట్రాక్టర్ కిరాయి 28 వేలు అవుతోంది. అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఏం చెయ్యమంటారు? గట్టు మీద ఇంకా నరకని చెట్లు పన్నెండు ఉన్నాయి.

జవాబు: మీ బావమరిది చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. బండి మిగులుతుంది. దాంతో పాటు మొద్దులు కూడా మిగులుతాయని నా భయం.

ముందు చేనులో ఎన్ని ఉన్నాయో చూద్దాం. మీరు చెప్పిన ఎడం ప్రకారం ఒక్కో మొక్కకి 65 చదరపు అడుగులు. ఎకరానికి 670. రెండున్నర ఎకరాలకి 1,675. చచ్చినవీ, ఖాళీలూ తీసేసినా 1,500కి తగ్గవు. మూడు కోతల తోటల్లో నేను చూసినంతలో వీటిలో మూడో వంతు బెత్తెడున్నర లోపు మందం ఉంటాయి, మిగతావి జానెడు పైమాటే. అంటే మీ దగ్గర చిన్నవి 500, పెద్దవి 1,000 అనుకుందాం. కొలిచే టేప్ పట్టుకుని ఒక్క వరస మీరే నడిచి లెక్కపెట్టండి. నా అంచనా తప్పైతే కింద చెప్పే అంకెలన్నీ ఆ మేరకి మార్చుకోవచ్చు.

ఇప్పుడు చిన్న ట్రాక్టర్ సంగతి. ఈ తరగతి బండ్లలో చాలావాటికి హైడ్రాలిక్ ఎత్తగలిగేది 750 కిలోల దగ్గరే. బండి బరువు కూడా ఒక టన్ను దగ్గరే ఉంటుంది, కొన్నిటికి అంతకంటే తక్కువ. జామాయిల్ మాత్రం నాలుగైదేళ్లకో కోత చొప్పున ఒకే వేరు మీద 12, 15 ఏళ్లు బతికిన చెట్టు. పైన కొమ్మ ప్రతిసారీ కొత్తదే గానీ కింద వేరు పాతదే, కోత కోతకీ బలుస్తూనే ఉంటుంది. గొలుసు కట్టి లాగితే మొద్దు కదలదు. చక్రాలే జారి తమ కింద తాము గుంట తవ్వుకుంటాయి. కాబట్టి ముందు మనిషి దిగి, చుట్టూ మూరెడు లోతు తవ్వి, పక్క వేళ్లు గొడ్డలితో నరికి, ఆ తర్వాత బండితో ఎత్తాలి. జానెడు మొద్దుకి ఈ పనంతా కలిపి ముప్పావు గంటకి తక్కువ పట్టదు. వెయ్యి మొద్దులకి 750 గంటలు. రోజుకి ఎనిమిది గంటలు పనిచేసినా 90 రోజుల పైనే. చిన్నవి గంటకి ఎనిమిది లాగగలిగితే ఇంకో 60 గంటలు. పత్తి గింజ వేసే వేళకి మీరింకా మూడో వంతు చేనులో గొడ్డలి పట్టుకునే ఉంటారు.

జేసీబీ అదే పెద్ద మొద్దుల్ని గంటకి 25, చిన్నవాటిని 40 దాకా తీసేస్తుంది. 40 గంటలూ, పన్నెండున్నర గంటలూ కలిపి 52.5 గంటలు, అంటే 68,250. గుంతలు పూడ్చి చదును చేయడానికి మరో ఏడు వేలు, వేళ్లు ఏరడానికి కూలీలకి ఆరు వేలు. మొత్తం 81 వేలు. జేసీబీ అతను మీకు చెప్పిన మాట అబద్ధం కాదు.

ఇక్కడ నాకే ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటుంది. చిన్న మొద్దులకైనా చిన్న ట్రాక్టర్ నయమేమో అని లెక్కేశాను. కిరాయికి తెచ్చుకుంటే గంటకి 700 చొప్పున 62 గంటలకి 43 వేలు. జేసీబీకి అవే 500 మొద్దులకి 16 వేలు. తన సొంత మైదానంలోనే ఓడిపోయింది, పాపం.

చిన్న బండి గెలిచే చోటు వేరు. జీడితోటలో వరసల మధ్య మొలిచి నరికేసిన పిచ్చి చెట్ల మొద్దులు పాతికో ముప్పయ్యో ఉంటే, అక్కడికి జేసీబీని తీసుకెళ్తే కొమ్మలు విరిచేస్తుంది, వేళ్ల మీద తొక్కుతుంది. అక్కడ ఒకటి రెండు వానలు పడ్డాక నేల మెత్తబడినప్పుడు ఒక్క రోజుకి చిన్న ట్రాక్టర్ తెప్పించుకోండి, చాలు.

ఆ ఒక్క రోజుకైనా ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. గొలుసు ఎప్పుడూ వెనక ఇరుసు కంటే కింద ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబార్‌కే కట్టాలి. మా చిన్నాన్న కొడుకు పర్లాకిమిడి దగ్గర చేనులో ఇరుసు కంటే పైన ఉండే టాప్ లింక్‌కి కట్టి లాగాడు. నేను గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. మొద్దు పట్టు వదల్లేదు, ఇంజన్ తగ్గలేదు, ముందు చక్రాలు రెండూ మోకాలెత్తు లేచాయి. వాడు క్లచ్ తొక్కాడు కాబట్టి దబ్బుమని మళ్లీ నేల మీద పడ్డాయి. ఇంకో క్షణం ఆలస్యమైతే బండి వెనక్కి తిరగబడి వాడి మీదే పడేది. అలా తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. లిఫ్ట్ చెయ్యి వంగిపోయి బాగుచేయించడానికి 18 వేలు అయ్యాయి. మొద్దు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మీద కూర్చుని సద్ది తింటాడు.

సరే, మొద్దుల సంగతి వదిలేసి ట్రాక్టర్‌ని ట్రాక్టర్‌గానే చూద్దాం. మొద్దులు తీయడం జన్మకో పని. బండి కొనడానికి కారణం ఏడాది ఏడాదీ వచ్చే పని అయ్యుండాలి. ఐదు లక్షలు, 12 శాతం, ఐదేళ్లు, ఆరు నెలలకో వాయిదా అంటే ఒక్కో వాయిదా 67,900 పైన. పది వాయిదాలకి 6,79,000. అసలు మీద 1,79,000 వడ్డీ. ఏడాదికి కట్టాల్సింది 1,36,000. బీమా, ఆయిల్, రిపేర్లకి 25 వేలు వేసుకోండి. మొత్తం 1,61,000. ఇప్పుడు కిరాయికి పోతున్న 28 వేలు మిగులుతాయి. మీ సొంత పొలానికి కాలే డీజిల్ పక్కన పెట్టి మీ వైపే మొగ్గి లెక్కేసినా, ఏడాదికి 1,33,000 ఎక్కడి నుంచో తేవాలి.

బయటి చేలకి తిప్పితే వస్తుందంటారు. గంటకి 700లో డీజిల్ 280, డ్రైవర్‌కి 100 పోతే మిగిలేది 320. ఆ లెక్కన 415 గంటలు, రోజుకి ఐదు గంటలైతే 83 రోజులు. దుక్కి దున్నే అదును అందరికీ ఒకేసారి వస్తుంది. మీ పొలం పదునులో ఉన్నప్పుడే పక్కవాడి పొలమూ పదునులో ఉంటుంది. మెట్ట భూముల్లో అన్ని రోజులు పని దొరకడం, దొరికినా కిరాయి డబ్బు పంట అమ్మేదాకా ఆగకుండా చేతికి రావడం, రెండూ కష్టమే. ఐదేళ్లకి బండి మూడు లక్షలకి అమ్ముడుపోతుందనుకున్నా ఆ డబ్బు ఐదేళ్ల తర్వాతి మాట, మొదటి వాయిదా ఆరు నెలల్లోనే తలుపు కొడుతుంది. పైగా కిరాయికి తిప్పి సంపాదించినదానికి వ్యవసాయ ఆదాయం మినహాయింపు రాదు. అది వ్యాపార ఆదాయం కిందికే వస్తుంది.

షోరూమ్‌లో ‘జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ఇదే అదును’ అని చెప్పే ఉంటారు. తగ్గిన మాట నిజమే, 2025 సెప్టెంబర్ 22 నుంచి. కానీ అది పండగ ఆఫర్ కాదు గదా, ఈ నెల కొనకపోతే పోయేదానికి. ఎప్పుడైనా నిజంగా కొనాలనుకుంటే ముందు బ్లాక్ వ్యవసాయ ఆఫీసులో కనుక్కుని యాంత్రీకరణ పథకం కింద సబ్సిడీకి దరఖాస్తు చేసి, మంజూరు కాగితం వచ్చాకే కొనండి. ముందు కొనేసి తర్వాత సబ్సిడీ కోసం తిరిగినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు, అందరూ వట్టి చేతులతోనే.

ఇక ఎఫ్‌డీ. దాని జోలికి వెళ్లకండి. అమ్మాయికి ఇంకో రెండేళ్ల చదువుంది. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్ష అనుకున్నా రెండు లక్షలు దానికే. మిగతా రెండు లక్షలు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆదుకునే డబ్బు. డౌన్‌పేమెంట్ కింద రెండు లక్షలు తీసేస్తే ఫీజులు పోను సున్నా.

మరి జేసీబీ డబ్బు ఎక్కడిది? కర్ర అమ్మిన 1,60,000లోంచే. మనలో చాలామంది చేసే పొరపాటు ఇదే. లారీ వెళ్లిపోయి డబ్బు రాగానే జామాయిల్ లెక్క అయిపోయిందనుకుంటాం. వేరు నేలలో ఉన్నంతకాలం ఆ పంట ఖర్చు ఇంకా నడుస్తూనే ఉంటుంది. మూడో కోతలో మీకు నిజంగా మిగిలింది దాదాపు 80 వేలు, అంతే. వినడానికి బాధగా ఉన్నా, ఇదే సరైన లెక్క. ఆ మిగిలిన దాంట్లోంచి పదిహేను వేలు పశువుల ఎరువుకి తీసిపెట్టండి. పదేళ్ల పైన జామాయిల్ పీల్చిన నేల మొదటి ఏడాదే పత్తి విరగకాయదు. నేనైతే సగంలో పత్తి, సగంలో ఉలవలు వేస్తాను. రోటావేటర్ కూడా అప్పుడే దింపకండి. తెగిన వేళ్లకి తగిలి బ్లేళ్లు పోతాయి. ముందు కల్టివేటర్‌తో రెండు సాళ్లు దున్నించి వేళ్లు ఏరించండి.

జేసీబీ వచ్చేలోపు మొద్దుల బేరం తేల్చుకోండి. ఇటుక బట్టీల వాళ్లు మట్టి దులిపిన ఎండు మొద్దులు కొంటారు. కుప్పలు పోశాక బేరమాడితే ‘ఎత్తుకెళ్లడమే ఎక్కువ’ అంటారు, ముందే మాట్లాడితే ఎంతో కొంత ధర పెడతారు. మా వైపు కొందరు కూలీలు మొద్దు వాళ్లకి, చదును నేల మనకి అని ఒప్పుకుని డబ్బు తీసుకోకుండానే తవ్వుతారు. అలాంటివాళ్లు దొరికితే గట్ల పక్క వరసలు వాళ్లకి వదిలేయండి, జేసీబీ గంటలు కలిసొస్తాయి. గంటల లెక్క మాత్రం మీటర్ చూసి మీరే రాసుకోండి, డ్రైవర్ టీకి వెళ్లిన అరగంటతో సహా.

మీ ఉత్తరం చివర్లో, గట్టు మీద ఇంకా నరకని పన్నెండు చెట్లున్నాయని రాశారు. వాటిని నేల మట్టానికి కోయనివ్వకండి. కర్ర తూకానికి అమ్ముతాం కాబట్టి కోతవాళ్లు మట్టిని రాసుకుంటూ కోసేస్తారు, తర్వాత గొలుసు వేయడానికి పట్టు ఉండదు. నడుమెత్తున వదిలి కోయమనండి. అంత పొడుగు మోడు మిగిలితే, చుట్టూ వేళ్లు నరికాక పైన పట్టి ఊపితే వేరు కదులుతుంది. జీడితోటకి చిన్న ట్రాక్టర్ వచ్చిన రోజునే ఈ పన్నెండూ లాగించేయొచ్చు, ఆ మిగిల్చిన ముక్క ఇంట్లో పొయ్యికి పనికొస్తుంది.